గుంటూరు ఆకాశంలో ఎర్రని జ్వాలలు: 1868 సూర్యగ్రహణ పరిశీలన

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ నేటి పల్నాడు, గుంటూరు ప్రాంతాల మీదుగా సాగి మచిలీపట్నం వద్ద సముద్రాన్ని చేరింది. ఆనాడు ఈ ప్రాంతమంతా కృష్ణా జిల్లాలోనిది. గుంటూరులో అయిదు నిమిషాలకు పైగా సూర్యబింబం పూర్తిగా మరుగైంది. ఆ సమయంలో దాని అంచున వెలిగే ఎర్రని జ్వాలలు ఏమిటన్నదే శాస్త్రజ్ఞుల ప్రశ్న. అవి చంద్రునివి కావు, సూర్యునివేనని 1860 నాటి స్పెయిన్ గ్రహణ ఛాయాచిత్రాలు తేల్చాయి. అవి ఏ పదార్థమో మాత్రం తేలలేదు.

గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, బ్రిటిష్ సైనికాధికారి టెన్నెంట్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ ఆ కాంతిని వర్ణపటదర్శినితో పరిశీలించారు. అది అవిచ్ఛిన్నమైన రంగుల పట్టీగా కాక విడివిడి ప్రకాశరేఖలుగా కనిపించింది. అటువంటి రేఖలు ప్రజ్వలించే వాయువు లక్షణం. వాటి స్థానాలను బట్టి ఆ వాయువులో ప్రధానమైనది హైడ్రోజన్ అని తెలిసింది. రేఖల తీవ్రతను గమనించిన జాన్సెన్, గ్రహణం లేకుండానే జ్వాలలను చూడవచ్చునని ఊహించి, మరునాడే చూశాడు.

హీలియంను గుంటూరులోనే కనుగొన్నారన్న ప్రచారాన్ని మాత్రం సవరించుకోవాలి. గ్రహణవేళ కనిపించిన పసుపు రేఖను పలువురు సోడియం రేఖగానే భావించారు. దాని స్థానం వేరని ఆ తరువాత ఇంగ్లండులో లాకియర్ నిర్ధారించాడు. 1895లో రామ్సే ఒక ఖనిజం నుంచి హీలియంను వేరుచేసిన తరువాతే దాని ఉనికి స్థిరపడింది. రేఖ కనిపించడానికీ, మూలకాన్ని గుర్తించడానికీ మధ్య 27 సంవత్సరాలు గడిచాయి. జ్వాలలు వాయురూపమని తేల్చడం, వాటిని పట్టపగలే చూసే మార్గం కనుగొనడం గుంటూరు పరిశీలనల నిజమైన ఘనత.