నేలకొరిగిన సోలో

సోలో అని ఒక డ్రోన్ ఉండేది. ఒళ్లంతా నలుపు. నాలుగు చేతులు, ఒక్కో చేతి చివర ఒక్కో రెక్క. కంట్రోలర్ మీద ఒక బటన్ నొక్కి పట్టుకుంటే తనంతట తానే పైకి లేచేది. ఇంకో బటన్ నొక్కితే ఎంత వేగంగా పోతున్నా ఉన్నచోటే ఆగి, గాల్లో నిలబడేది. కడుపు కింద ఒక చిన్న అర ఉండేది, ఖాళీగా. ప్రపంచంలో ఎవరైనా సరే తమకు తోచిన పరికరం తయారుచేసి అందులో బిగించుకోవచ్చని, చేసినవాళ్లు కావాలనే వదిలిపెట్టిన జాగా అది. కొనేవాడు ఉత్త కొనేవాడిగా మిగిలిపోకూడదు, తనూ ఒక చెయ్యి వెయ్యాలి అన్న నమ్మకం ఆ ఖాళీ అరలో ఉంది. ఆ అర నిండే రోజు రాకముందే సోలో కథ ముగిసింది.

ఈ కథ మొదలైంది 2007లో. క్రిస్ ఆండర్సన్ అప్పటికి వైర్డ్ పత్రికకు ప్రధాన సంపాదకుడు. ఇంట్లో పిల్లలతో కలిసి లెగో మైండ్‌స్టార్మ్స్ బొమ్మల సెట్టుతో ఒక చిన్న విమానానికి ఆటోపైలట్ అమర్చాడు. బొమ్మల సామానుతో ఇంత పని జరిగితే, సరైన సామాను దొరికితే ఎంత జరగొచ్చు అనిపించింది. డీఐవై డ్రోన్స్ పేరుతో తనలాంటి ఔత్సాహికులందరినీ ఒకచోట చేర్చాడు.

అక్కడికి వచ్చినవాళ్లలో జోర్డి మున్యోజ్ ఒకడు. మెక్సికో నుంచి వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రాడు. భార్య గర్భిణి. గ్రీన్ కార్డు చేతికి వచ్చేదాకా ఉద్యోగం చేయకూడదు, కాలేజీలో చేరకూడదు. కాలిఫోర్నియాలో ఇంట్లో కూర్చుని, వీడియో గేమ్ ఆడే నింటెండో వీ కంట్రోలర్ విప్పి, అందులోని సెన్సర్లు బయటికి తీసి, ఒక ఆటబొమ్మ హెలికాప్టర్ తనంతట తాను గాల్లో నిలబడేలా చేశాడు. నాకు ఇంగ్లీషు సరిగా రాదు, మన్నించండి అంటూనే ఆ సంగతి అందరితో పంచుకున్నాడు. ఆండర్సన్ అతని ముఖం కూడా చూడకుండా 500 డాలర్ల చెక్కు పంపాడు. 2009లో ఇద్దరూ కలిసి త్రీడీ రోబోటిక్స్ మొదలుపెట్టారు. అందరూ త్రీడీఆర్ అని పిలిచిన సంస్థ అదే. పెద్ద పత్రిక సంపాదకుడు, డిగ్రీ లేని వలస కుర్రాడు సహ వ్యవస్థాపకులు. ఆ రోజుల్లో ఆ సంస్థను ప్రేమించినవాళ్లు అందుకే ప్రేమించారు.

మొదట్లో వాళ్లు ముఖ్యంగా అమ్మింది డ్రోన్ కాదు, డ్రోన్ మెదడు. నాలుగు రెక్కల యంత్రం స్వభావరీత్యా నిలకడ లేనిది. ఏ రెక్క ఎంత వేగంగా తిరగాలో క్షణక్షణం ఎవరో ఒకరు లెక్క కట్టకపోతే వెంటనే తిరగబడుతుంది. మనిషి చేతులకు అది సాధ్యమయ్యే పని కాదు. ఎటు వాలుతోందో గైరోస్కోపు చెబుతుంది, ఎంత ఎత్తులో ఉందో గాలి ఒత్తిడి చెబుతుంది, ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది. అన్నీ విని సెకనుకు 400 సార్లు లెక్క సరిచూసి నాలుగు మోటార్లకు ఆజ్ఞలిచ్చేది ఆటోపైలట్. ఒకప్పుడు ఈ సెన్సర్లు క్షిపణుల్లో, విమానాల్లో వాడే ఖరీదైన సరుకు. స్మార్ట్‌ఫోన్ వచ్చి వాటిని చిల్లర ధరకు దించింది. ఆ అవకాశాన్ని ముందుగా పట్టుకున్నవాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు. ఆ మెదడుకు పెట్టిన పేరు ఆర్డూపైలట్. దాని కోడ్‌ను దాచుకోలేదు. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, వాడుకోవచ్చు. దేశదేశాల నుంచి ఇంజినీర్లు రాత్రిళ్లు కూర్చుని ఉచితంగా రాసి పంపారు. ఆ కోడ్ నడిచే పిక్స్‌హాక్ బోర్డు స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, దాన్ని త్రీడీఆర్ తయారుచేసి అమ్మింది. సరిహద్దుకు అవతల మెక్సికోలోని తిహువానాలో ఫ్యాక్టరీ లేచింది. మున్యోజ్ సొంతగడ్డ మీద పనులు దొరికాయి.

2012 చివర్లో ఆండర్సన్ పత్రిక వదిలి పూర్తికాలం ఇందులోకే వచ్చేశాడు.

అదే కాలంలో చైనాలోని షెన్‌జెన్‌లో ఇంకో మనిషి ఇంకో పని చేస్తున్నాడు. ఫ్రాంక్ వాంగ్ 2006లో డీజేఐ స్థాపించాడు. 2013 జనవరిలో ఫాంటమ్ వచ్చింది. తెల్లటి డ్రోన్, పెట్టెలోంచి తీసి ఎగరేయడమే. దాని లోపల ఏముందో కొన్నవాడికి తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. సోల్డరింగ్ వాసన ఎరగని వాళ్లు మొదటిసారి డ్రోన్ కొన్నారు. ఫొటోగ్రాఫర్లు కొన్నారు. మన పెళ్లి పందిళ్ల మీద హెలీక్యామ్ అని పిలుచుకున్న యంత్రం తిరగడం మొదలైంది కూడా ఆ కాలంలోనే.

డీజేఐకి అమెరికాలో ఆ గిరాకీ తెచ్చిపెట్టిన మనిషి కోలిన్ గిన్. టెక్సస్‌లోని ఆస్టిన్ అతనిది. డీజేఐతో చెడి, కోర్టుకెక్కి, 2014లో త్రీడీఆర్‌లో చేరాడు. అప్పటికి ఇటు పెట్టుబడులు కూడా వరదలా వస్తున్నాయి. 2015 ఫిబ్రవరిలో క్వాల్‌కామ్ ముందుండి 5 కోట్ల డాలర్లు కూడగట్టింది. రిచర్డ్ బ్రాన్సన్ కూడా డబ్బు పెట్టాడు. మెదళ్లు అమ్ముకునే సంస్థ ఇక డీజేఐని దాని బజార్లోనే, దుకాణపు అల్మారా మీదే ఎదుర్కోవాలని తీర్మానించుకుంది. నా దృష్టిలో సోలో పతనానికి బీజం ఆ తీర్మానంలోనే పడింది. ఆ సంస్థ బలమంతా విప్పి చూడాలనుకునేవాళ్ల దగ్గర ఉంది. యుద్ధానికి ఎంచుకున్న నేల విప్పి చూడనక్కర్లేదనుకునేవాళ్లది.

2015 ఏప్రిల్ 8న డీజేఐ ఫాంటమ్ 3ని ప్రకటించింది. అయిదు రోజుల తర్వాత సోలో లోకం ముందుకొచ్చింది.

సోలో సామాన్యమైన యంత్రం కాదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. డ్రోన్‌లో ఒక లినక్స్ కంప్యూటర్, కంట్రోలర్‌లో ఇంకొకటి. రెండు చోట్ల బిందువులు గుర్తుపెడితే వాటి మధ్య కనిపించని తీగ మీద నడిచినట్టు సాగిపోతూ కెమెరాను తనే తిప్పుకునేది. మనిషి చుట్టూ చక్రం కొట్టేది, వెంట నడిచేది. ఇంకో మాట కూడా ఇచ్చారు: ప్రతి ఎగురుడూ లోపల నమోదవుతుంది, కూలినప్పుడు ఆ లాగ్ చూసి తప్పు యంత్రానిదని తేలితే మరమ్మతు గానీ మార్పిడి గానీ ఉచితం. డ్రోన్ కొని, వారంలో పోగొట్టుకుని, తప్పు నీ చేతిదే అని దుకాణంవాడి చేత అనిపించుకున్నవాళ్లకు ఆ హామీ విలువ తెలుస్తుంది.

కెమెరా మాత్రం దానికి లేదు. గోప్రో విడిగా కొనుక్కోవాలి. ఆ కెమెరా వణక్కుండా పట్టుకునే గింబల్ కూడా విడిగానే. లెక్క చూడండి. సోలో 999.95 డాలర్లు, గింబల్ సుమారు 400, ఆనాటి మంచి గోప్రో 400 నుంచి 500. అన్నీ కలిపితే సుమారు 1,800 నుంచి 1,900. ఫాంటమ్ 3 అడ్వాన్స్‌డ్ 999 డాలర్లు, కెమెరా, గింబల్ అందులోనే. 4కే వీడియో తీసే ప్రొఫెషనల్ రకం 1,259. పైగా డీజేఐ కెమెరా, గింబల్, మోటారు, రేడియో అన్నీ తానే చేసుకునేది, విడిభాగాలు చేసేవాళ్లు షెన్‌జెన్‌లో పక్క వీధిలోనే. సోలోకు ప్రాణం లాంటి కెమెరా ఇంకొకరి చేతిలో ఉంది. ఆ ఇంకొకరు 2015 మే నెలాఖరున, సోలో ఇంకా దుకాణాలకు చేరకముందే, తామే సొంతంగా డ్రోన్ చేస్తున్నామని ప్రకటించారు.

జూన్‌లో సోలో దుకాణాలకెక్కింది. గింబల్ మాత్రం సమయానికి రాలేదు. కెమెరా డ్రోన్ కొన్నవాళ్లు కెమెరాను నేరుగా డ్రోన్‌కే బిగించి, వణికే బొమ్మలు చూసుకుంటూ వారాల తరబడి ఎదురుచూశారు. జీపీఎస్ ఇబ్బంది పెట్టింది. ఆకాశంలో తానెక్కడున్నదీ తెలియని డ్రోన్ ఇంటిదారి పట్టలేదు. కొన్ని కొట్టుకుపోయాయి, కొన్ని కూలాయి.

ఒక లోపాన్ని దగ్గరగా చూడాలి. ఆటోపైలట్ నుంచి మోటారుకు నేరుగా ఆజ్ఞ పోదు. మధ్యలో ఈఎస్‌సీ అనే చిన్న బోర్డు ఉంటుంది, మోటారు వేగాన్ని అదే చూస్తుంది. సోలోలోని ఆటోపైలట్ తన సంకేతాన్ని 3.3 వోల్టుల మీద పంపేది. ఈఎస్‌సీలకు కావలసింది 5 వోల్టుల సంకేతం. మామూలు వేళల్లో ఆ బలహీన గొంతు వినిపించేది. మోటార్ల రొద పెరిగినప్పుడు ఎప్పుడైనా ఒక్క ఆజ్ఞ తప్పిపోతే ఒక మోటారు లయ తప్పేది, డ్రోన్ గాల్లోనే పల్టీ కొట్టేది. రెండు వోల్టులకు కాస్త తక్కువ తేడా! నాలుగు రెక్కల డ్రోన్‌కు ఒక రెక్క ఆగితే మామూలుగా మిగతా మూడూ కాపాడలేవు.

ఆ తర్వాత జరిగింది తొందరగా చెప్పేస్తాను, చెప్పడానికి మనసొప్పదు. అమ్ముడుపోతాయనుకుని ముందే చేయించిన సోలోలు గోడౌన్లలో గుట్టలుగా మిగిలాయి. డీజేఐ ధర తగ్గించుకుంటూ పోయింది, ఇటువైపు తగ్గించే కొద్దీ నష్టం. ఉద్యోగాలు పోయాయి. తిహువానా ఫ్యాక్టరీ మూతపడింది. ఇరవయ్యేళ్ల వయసులో వీ కంట్రోలర్ విప్పిన మున్యోజ్ సంస్థ నుంచి తప్పుకున్నాడు. గిన్ కూడా వెళ్లిపోయాడు. 2016లో త్రీడీఆర్ డ్రోన్లు చేయడం మానేసి, నిర్మాణ సంస్థలకు సాఫ్ట్‌వేర్ అమ్ముకునే సంస్థగా మారింది. 10 కోట్ల డాలర్ల దాకా కరిగిపోయాయని ఆ ఏడాది అక్టోబరులో ఫోర్బ్స్ రాసింది. 2017లో అదే సాఫ్ట్‌వేర్‌ను డీజేఐ డ్రోన్ల మీద నడిచేలా మార్చి, నిన్నటి శత్రువు యంత్రాన్నే వాహనంగా చేసుకుంది.

గోప్రో గతి కూడా అంతే అయింది. 2016 సెప్టెంబరులో కర్మా డ్రోన్‌ను ప్రకటించింది. రోజుల వ్యవధిలో డీజేఐ మడతపెట్టే మావిక్ ప్రోను చూపించింది. అమ్మకం మొదలైన పదహారో రోజుకు, ఎగురుతుండగా బ్యాటరీ జారి కరెంటు ఆగిపోతోందని సుమారు 2,500 కర్మాలను వెనక్కి పిలిచారు. 2018 జనవరిలో గోప్రో డ్రోన్ల వ్యాపారానికే స్వస్తి చెప్పింది. రెండేళ్లకు, 2020 కొత్త సంవత్సరం రోజుల్లో, ప్రపంచంలోని కర్మాలన్నీ ఒక్కసారిగా ఎగరడం మానేశాయి. ఉపగ్రహాల కాలగణన తిరగబడినచోట లోపలి సాఫ్ట్‌వేర్ తడబడింది. కొన్నవాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. తాళం వేసిన పెట్టె అది, తాళంచెవి కంపెనీ దగ్గర. వారాల తర్వాత కంపెనీ దిద్దుబాటు పంపితే గానీ అవి లేవలేదు.

సోలో కొన్నవాళ్లు అలా చేతులు కట్టుకుని కూర్చోలేదు. త్రీడీఆర్ పోతూ పోతూ సోలో కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టింది. దాన్ని ఓపెన్‌సోలో పేరుతో అభిమానులు నడిపించారు. ఆ వోల్టుల తేడాను కనిపెట్టి, 5 వోల్టుల సంకేతం ఇచ్చే కొత్త మెదడును, గ్రీన్ క్యూబ్‌ను తెచ్చారు. పాత బోర్డు తీసి ఆకుపచ్చ పెట్టె పెట్టుకుంటే సోలో మళ్లీ ధీమాగా ఎగిరింది. మొరాయించిన జీపీఎస్‌కు బదులు కొత్త జీపీఎస్ చేసి అమ్మినవాళ్లలో ఎంఆర్‌ఓ అనే చిన్న సంస్థ ఉంది. త్రీడీఆర్ వదిలి వచ్చాక మున్యోజ్ పెట్టుకున్న సంస్థే అది. తను పుట్టించిన ఇంటి శిథిలాల్లో మిగిలిన యంత్రాలకు అతనే మందు పంపాడు. ఈ కథలో నన్ను అన్నిటికంటే కదిలించే సంగతి ఇది.

ఆర్డూపైలట్ చావలేదు. పడవల్లో, పొలాల మీద, సర్వేల్లో తిరుగుతోంది. 2025 జూన్‌లో రష్యా వైమానిక స్థావరాల మీద ఉక్రెయిన్ జరిపిన డ్రోన్ దాడి దృశ్యాల్లో కూడా ఆర్డూపైలట్ తెరే కనిపించింది. పిల్లలతో లెగో ఇటుకలు పేర్చిన చోట పుట్టిన కోడ్ యుద్ధంలోకి పోయింది. తెరిచిన తలుపు లోపలికి ఎవరు వస్తారో అడగదు. అది తెలిసి కూడా, ఆ తలుపు తెరవడం తప్పని నేను అనలేను.

సోలో వచ్చిన కాలంలో మన దగ్గర పరిస్థితే వేరు. 2014 అక్టోబరులో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, పౌరులెవరూ డ్రోన్లు ఎగరేయరాదని ప్రకటన ఇచ్చింది. నిబంధనలు అమల్లోకి వచ్చింది 2018 డిసెంబరులో, అవి సడలింది 2021లో. 2022 ఫిబ్రవరిలో తయారైన డ్రోన్ల దిగుమతిని నిలిపేసి, విడిభాగాలకు మాత్రం దారి ఉంచారు. అందుకే ఇక్కడ ఎవరైనా సొంతంగా డ్రోన్ కట్టబోతే ఫ్రేము, మోటార్లు, బ్యాటరీ వెతుక్కుని, మధ్యలో పిక్స్‌హాక్ రకం బోర్డు ఒకటి కూర్చోబెడతారు. ఆర్డూపైలట్ ఎక్కిస్తారు. ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టుల్లో అది మామూలు సంగతి.

ఆ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులకు ఒక విన్నపం. ఆర్డూపైలట్‌ను బోర్డులోకి ఎక్కించి, రెక్కలు తిరిగాయి కదా అని అక్కడితో ఆపకండి. దాని కోడ్ ఈ రోజుకీ అందరికీ తెరిచే ఉంది. తెరిచి చదవండి. మీ డ్రోన్ కూలితే లాగ్ తీసి, ఏ మోటారు ఏ క్షణాన ఏం చేసిందో చూడండి. తప్పు దొరికితే దిద్ది, దిద్దినదాన్ని వెనక్కి పంపండి. ఇంగ్లీషు సరిగా రాదని వెనకాడకండి.