దుర్గంధ నివారణము

ముసురు పట్టిన దినములలో నిప్పులపై సాంబ్రాణి చల్లి, ఆ పొగను గది గదికిని త్రిప్పుట మా సిద్దిపేట యిండ్లలో చిన్ననాటినుండి మేము చూచుచున్న యాచారము. ఈ విద్య ప్రాచీనమైనదే. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి కొక యధ్యాయమునే కేటాయించెను. సాంబ్రాణి మన చెట్టు బంక కాదు. సుమత్రా, సయాము దేశములనుండి ఓడలపై వచ్చినది. సముద్రములు దాటించి పరిమళమును తెచ్చుకొన్న మనము, పెరటి దుర్గంధమునకు మాత్రము వేఱొక యుపాయము కనుగొంటిమి: దానిని మోయుటకు మనుష్యులను నియమించితిమి.

పాకీదొడ్డి యనిన నేటి పిల్లలకు తెలియదు. వెనుక గోడకు సందువైపున చిన్న కంత యుండెడిది. తెల్లవారకముందే యొక స్త్రీ వచ్చి, రేకుతో మలము నెత్తి గంపలో నింపి, నెత్తిన బెట్టుకొని పోయెడిది. ఆమె ముంగిటికి రారాదు. ఇల్లెంత శుభ్రముగా నున్నదని మెచ్చుకొన్న యతిథికి ఆమె పేరెవ్వరును చెప్పలేదు.

దుర్గంధమే రోగమని ఐరోపావారును చాలకాలము నమ్మిరి. 1858 వేసవిలో థేమ్సు నది కంపు భరింపలేకయే లండనులోని పార్లమెంటు మురుగుకాలువలకు ధనము మంజూరు చేసినది. కలరా కలుషిత జలమువలన వ్యాపించునని జాన్ స్నో 1854లోనే చూపియుండెను. వారి సిద్ధాంతము తప్పు, పని మాత్రము ఒప్పు! అంతకుముందే, 1775లో, అలెగ్జాండరు కమ్మింగు అను గడియారముల పనివాడు వంపు గొట్టము గల మరుగుదొడ్డికి పేటెంటు పొందెను. ఆ వంపులో నిలిచిన నీరే కాలువ వాసనను ఇంటిలోనికి రానీయదు. ధూపములన్నియు చేయలేని పనిని చెంబెడు నీరు చేసినది.

మన దేశమున పాకీదొడ్లను నిషేధించు చట్టము 1993లో గాని పుట్టలేదు. అదియు చాలక 2013లో మఱియొకటి చేయవలసి వచ్చెను. ఈ పోరాటమున ముందు నిలిచి, 2016లో మెగసెసే బహుమానము నందిన బెజవాడ విల్సను, కోలారు బంగారు గనులలో ఆ పనియే చేసిన తెలుగు కుటుంబమున పుట్టినవాడు.

సిద్దిపేటలో తడిచెత్తను పొడిచెత్తను వేఱుచేసి యిచ్చుట యిల్లాండ్రకు అలవడినది. బుస్సాపూరులో తడిచెత్తనుండి వాయువు తీయు కర్మాగారమును వెలసినది. చెత్త కంపు తగ్గినది. మరుగుదొడ్డి తొట్టి మాట వేఱు. రక్షణసాధనములు లేక దానిలోనికి మనుష్యుని దింపుట నేరమని 2013 చట్టమే చెప్పుచున్నది. అయినను మా తొట్టి నిండిన దినమున, వచ్చిన వానిని యంత్రము తెచ్చితివా యని మే మడుగలేదు. ఎంత పుచ్చుకొందువని మాత్రమే యడిగితిమి.