కొయ్య కట్టడాల్లో జిగురు అతుకులు, భూకంపాలు

హైదరాబాద్‌లోని సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ వడ్రంగులు తలుపులకూ అల్మారాలకూ పూసే తెల్ల జిగురు పాలివినైల్ ఎసిటేట్. సామానుకు అది చాలు, ఇంటి బరువు మోసే దూలానికి మాత్రం పనికిరాదు. ఎడతెగని బరువు కింద మెల్లగా సాగుతుంది, వేడికి మెత్తబడుతుంది, తడికి పట్టు వదులుతుంది. 1906లో జర్మనీకి చెందిన ఒట్టో హెట్జర్ పలకలను ఒకదానిపై ఒకటి అతికించి వంపు దూలాలు చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అప్పటి జిగురు పాలలోని కేసీన్‌తో చేసింది, దానికీ తడి పడదు. 1940ల్లో ఫినాల్-రిసార్సినాల్ రెజిన్లు వచ్చాకగాని ఆరుబయట తడిసే దూలాలకు భరోసా కుదరలేదు. వాటితో సరిగా అతికించిన దూలాన్ని విరిస్తే జిగురు గీత ఊడదు, పక్కనున్న కొయ్యే చీలుతుంది.

భూకంపం వచ్చినప్పుడు చిక్కంతా ఇక్కడే. కొయ్యను నారకు అడ్డంగా లాగితే ఫట్టున చీలుతుంది, జిగురు అతుకూ అలాగే హఠాత్తుగా తెగుతుంది. మేకు ప్రతి ఊపుకూ వంగి, చుట్టూ ఉన్న కొయ్యను కాస్త నలిపి, కంపన శక్తిని తనలో ఖర్చు చేస్తుంది. ఐరోపా నియమావళి యూరోకోడ్ 8 (2004) ఈ తేడాకు అంకెలు కట్టింది: గోడలూ కప్పులూ జిగురు పలకలైతే లొంగుబాటు గుణకం 2, రెండూ మేకులతో కొట్టినవైతే గరిష్ఠంగా 5. కాబట్టి జిగురు ఉండాల్సింది దూలం లోపల, పలకకూ పలకకూ నడుమ. దూలం స్తంభాన్ని కలిసే చోట లొంగే పని ఉక్కుది. జిగురు అతుకులో వదులు ఉండదు, ఇల్లు తక్కువ ఊగుతుంది కదా అంటారు. గాలికి అది మేలే. లెక్కకు మించిన కుదుపు వస్తే మాత్రం తట్టుకునే మిగులు ఉండదు. ఎపాక్సీ జిగురుతో కొయ్యలోకి దించే ఉక్కు కడ్డీల మాటేమిటన్నది ఇంకా గట్టి ప్రశ్న. అక్కడా జిగురుకంటే ముందు కడ్డీ సాగేలా కొలత పెడితేనే కట్టడం క్షేమం. 2007లో జపాన్‌లోని మికిలో ఇటలీ పరిశోధకులు ఏడంతస్తుల కొయ్య భవనాన్ని 1995 నాటి కోబే కుదుపులతో ఊపి చూశారు. పలకలు జిగురుతో చేసినవే, వాటిని కలిపినవి మాత్రం ఉక్కు పట్టీలు, మరలు. భవనం నిలబడింది.

2002 నాటి భూకంప మండలాల పటం ప్రకారం హైదరాబాద్ తక్కువ ప్రమాదమున్న రెండో మండలం కదా, ఈ జాగ్రత్త ఎందుకనవచ్చు. భద్రాచలం ప్రాంతం మూడో మండలం, 1969 ఏప్రిల్ 13న అక్కడ 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4న ములుగులో వచ్చిన 5.3 తీవ్రత ప్రకంపన హైదరాబాద్ దాకా తెలిసింది. పైగా ఇక్కడి మే ఎండ, ఆ వెంటనే వచ్చే వాన జిగురును ఏటా పరీక్షిస్తాయి. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌ను 72 గంటలు నీటిలో ఉడికించినా పొరలు విడిపోకూడదు. ఆ ముద్ర తడి వరకే హామీ. ఊపును తట్టుకోవాలంటే ఆ పలకను చట్రానికి బిగించే మేకుల మందం, వాటి మధ్య దూరం విడిగా లెక్కకట్టాలి.