పాదరసం చెప్పినా కబురేదీ?

1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచెత్తి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకుంది. గాలి ఒత్తిడిని పాదరసంతో కొలిచే బారోమీటరు అప్పటికి కొత్తదేమీ కాదు. అది టోరిసెల్లి 1643లో కనిపెట్టినది. కాబట్టి లోపం సాధనానిది కాదు, కబురు అందించే ఏర్పాటుది అంటాను. ఓడ కెప్టెన్లు పాదరసం పడిపోవడం చూసి తెరచాపలు దించుకునేవారు కదా అనవచ్చు. నిజమే, కానీ ఓడ పక్కకు తప్పుకోగలదు, ఊరు తప్పుకోలేదు. పైగా ఒక్క గొట్టం తుపాను ఎక్కడ తీరం దాటుతుందో చెప్పలేదు. వేర్వేరు ఊళ్ల అంకెలను ఉన్నవి ఉన్నట్టు పోల్చడమూ కుదరదు. లేపాక్షి పక్కనున్న హిందూపురాన్నే చూడండి: 600 మీటర్లకు పైబడిన ఎత్తు వల్ల అక్కడ పాదరసం ఎండ కాసే రోజున కూడా తీరంలో కంటే సుమారు 5 సెంటీమీటర్లు కిందే నిలుస్తుంది. ఆ అంకెను సముద్రమట్టానికి సరిచేసి, పది ఊళ్ల అంకెలతో కలిపి పటం మీద గీస్తేనే వాయుగుండం కనబడేది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడ్డాకే ఆ పని ఒక చేతి కిందికి వచ్చింది. మరి 1977 నవంబరు 19న ఉప్పెనలో దివిసీమ ఎందుకు మునిగింది? అప్పటికి పటాలే కాదు, ఉపగ్రహ చిత్రాలూ ఉన్నాయి.