రోములో వలస కవి – ఫ్రెంచి వేషంలో అతని పద్యాలు

పొట్టకూటికి ఊరు విడిచి పరాయి పట్నం చేరిన కవులు ఏ దేశ చరిత్రలోనైనా కనబడతారు. లాటిను కవి మార్షియల్ అట్టివాడు. ఫ్రెంచివారు ఆయనను మార్సియాల్ అంటారు.

ఆయన జన్మస్థలం స్పెయిన్ దేశంలోని బిల్బిలిస్. క్రీ.శ. 64 ప్రాంతాన రోము చేరి, సుమారు 34 ఏండ్లు అక్కడే కాలం గడిపినాడు. తెల్లవారగానే పైబట్ట కప్పుకొని ధనికుల వాకిళ్ళలో నిలిచి దండం పెట్టవలె. దక్కేది నూరు రాగికాసులో, ఒక పూట భోజనమో. మూడంతస్తుల మెట్లెక్కితే గాని తన గది రాదు. ఆ బ్రతుకులో చూచినదే పద్యాలలో పెట్టినాడు: తనకొక వంట, అతిథికొక వంట వడ్డించే గృహస్థు, ముసలివాని ఆస్తికై కానుకలు పంపే ఆశపోతు, కొన్న పళ్ళతో నవ్వే వనిత. పద్యాలు సుమారు 1,500. చాలావరకు చిన్నవే, తేలుకు వలె కొండి చివర ఉంటుంది. మనుషులను విడిచి దోషాలనే కొట్టడం తన నియమమన్నాడు. చక్రవర్తి డొమీషియనును మాత్రం మితిమీరి పొగిడినాడు. ఆ మచ్చను దాచనక్కరలేదు.

తన పద్యాలను మరొకడు తనవిగా చదువుకొంటున్నాడని మార్షియల్ మండిపడి, వాణ్ణి మనుషులను ఎత్తుకుపోయే దొంగతో పోల్చినాడు. గ్రంథచౌర్యం చేసేవానికి ఫ్రెంచిలో నేడున్న మాట ఆ లాటిను మాట నుండి వచ్చినదే.

1954 దాకా యానాం తెలుగువారికి పాలకుల భాష అయిన ఆ ఫ్రెంచిలోకి ఈ పద్యాలు పలుమార్లు వచ్చినవి. 16వ శతాబ్దిలో క్లెమాన్ మారో వీటిని అనుసరించి వ్రాసినాడు. అవి ఆయన మరణానంతరం 1547లో అచ్చయినవి. ఒక పద్యంలో పౌలా, ప్రిస్కస్ అనే రోమనులు కాతేన్, మార్తేన్ అయి కూర్చున్నారు. పేర్లు మారినా కొండి పోలేదు. 1655లో మరోల్ అనే మతగురువు వచనంలోకి దింపినాడు. అది చూచి పండితుడు మేనాజ్, "ఇవి మార్షియల్ పద్యాలు కావు, మార్షియల్ మీది పద్యాలు" అని పరిహసించినాడట! 1930 నుండి ఇజాక్ అనువాదం లాటిను మూలంతో ఎదురెదురు పుటలలో వెలువడినది.

మార్షియల్ రోములో ఉన్నన్నాళ్ళు బిల్బిలిసును తలచినాడు. క్రీ.శ. 98 ప్రాంతాన, చిన్న ప్లినీ ఇచ్చిన దారిఖర్చుతో ఇల్లు చేరినాడు. మొదట హాయిగా నిద్రపోయినాడు. మూడేండ్లకు బెంగ పట్టినది: ఇక్కడ రోములోని శ్రోతలు లేరు, గ్రంథాలయాలు లేవు, నాటకశాలలు లేవు అని తన పన్నెండవ గ్రంథం ముందుమాటలో చెప్పుకొన్నాడు. కొద్ది ఏండ్లకే అక్కడే కన్నుమూసినాడు.

ఆ బాధ మన పెద్దలకు వివరించనక్కరలేదు. రెండు ఊళ్ళ మనిషికి ఏ ఊళ్ళో ఉన్నా రెండవది గుర్తుకు వస్తుంది. పొరుగు భాషల నడుమ పెరిగే మన పిల్లల తెలుగులో కొంత యాస మారవచ్చు, కొన్ని పేర్లు మారవచ్చు. మారో పద్యంలో వలె కొండి మిగిలితే చాలు.