ఒక పౌను గింజలు

చిక్కిపోవడం, సన్నబడటం: తూకం మిషను మీద రెండూ ఒకటే అంకె. మా కడప వైపు మాత్రం ఈ రెండూ ఒకటి కావు. తుమ్మలపల్లెలో మా పెద్దమ్మ ఎవరినైనా "ఏం నాయనా, చిక్కిపోయినావే?" అని అడిగిందంటే, జబ్బు చేసిందా, తిండి సరిగా లేదా అన్న దిగులు అందులో ఉంటుంది. హైదరాబాదులో మా ఆఫీసులో "భలే తగ్గావే!" అంటే అది మెచ్చుకోలు. పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గినవాళ్ల చుట్టూ లంచ్ టైములో చిన్న గుంపు చేరుతుంది.

ఇంత వేగంగా తగ్గడం మంచిదేనా? దీనికి బాగా దగ్గరి ప్రశ్నని ప్రభుత్వ కాగితాల మీద వాదించుకున్న కాలం ఒకటుంది. తక్కువ తిండితో మనిషి ఒళ్లు ఎంతకాలం నిలుస్తుందన్నది ఆ ప్రశ్న. పణంగా పెట్టింది మా సీమ జనాన్ని.

1876లో వానలు పోయాయి. తెలుగు లెక్కలో అది ధాత నామ సంవత్సరం, అందుకే ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. లక్షలమంది కరువు పనులకి చేరారు: రోడ్లు వేయడం, చెరువుకట్టలు పోయడం, కంకర కొట్టడం. 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ తన ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్‌ని మద్రాసు రాజధానికి పంపాడు. ఇదే టెంపుల్ 1874లో బీహారు కరువుకి బర్మా బియ్యం తెప్పించి జనాన్ని కాపాడాడు. డబ్బు తగలేశాడని తిట్లు తిన్నాడు. ఈసారి ఖర్చు తగ్గించే పని మీద వచ్చాడు. మగ కూలీకి రోజుకి ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. ఆడవాళ్లకీ పిల్లలకీ ఇంకా తక్కువ. చరిత్రలో దీనికి 'టెంపుల్ కూలి' అని పేరు.

దీన్ని గట్టిగా ఎదిరించినవాడు డాక్టర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్. మద్రాసు శానిటరీ కమిషనర్. ఈ రాజధానిలో జనం ఏం తింటారన్నదాని మీద 1863లోనే నివేదిక తెచ్చిన మనిషి. ఒళ్లు వంచి పనిచేసేవాడికి కనీసం ఒకటిన్నర పౌన్ల గింజలు కావాలి, పైన కూరలూ పప్పూ ఉండాలి అన్నాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దూరం వచ్చింది: పౌనుంబావు గింజలు, ఒకటిన్నర ఔన్సుల పప్పు. గ్రాముల్లో చెప్పాలంటే 570, 43.

ఆ పౌనుని నేటి లెక్కలో పెట్టి చూశాను. 453 గ్రాముల గింజలు, గ్రాముకి మూడున్నర కేలరీలు వేసుకుంటే దాదాపు 1,590. ఈ అంకెకి చాలా దగ్గరగా ఇంకో అంకె ఉంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులని, వాళ్ల ఇష్టంతోనే, ఆరు నెలలు అరకడుపుతో ఉంచాడు. రోజుకి సుమారు 1,570 కేలరీలు. వారానికి 35 కిలోమీటర్ల నడక. వాళ్లు తమ బరువులో నాలుగో వంతు పోగొట్టుకున్నారు. నీరసపడ్డారు, చలికి వణికారు, రాత్రీపగలూ తిండి గురించే ఆలోచించారు. ప్రయోగం మొదలయ్యేనాటికి వాళ్లు నిండుగా తిన్నవాళ్లు. మా వాళ్లు ఎండలో కంకర కొట్టడం మొదలుపెట్టేనాటికే చిక్కి ఉన్నారు.

మొదట్లో బరువు అంత గబగబా ఎందుకు పోతుంది? ఒంట్లో, ముఖ్యంగా కాలేయంలో, కండరాల్లో, గ్లైకోజెన్ అనే పిండి నిల్వ అరకిలో దాకా ఉంటుంది. ప్రతి గ్రామూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఖర్చయ్యేది ఇదే, దాంతోపాటు నీరూ పోతుంది. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీలు లోటు పడాలి. వారంలో నాలుగు కిలోల కొవ్వు కరిగిందంటే లెక్క కుదరదు. అటు ఆకలి ముదిరితే ఒంటికి నీరు పడుతుంది, కాళ్లు వాస్తాయి. లోపల కండ పోతున్నా తూకం నిలకడగా కనిపిస్తుంది. మొదట్లోనూ చివర్లోనూ తూకం చెప్పేది సగం నీటి సంగతే.

ధాత కరువుకి సరిగ్గా వందేళ్లకి, 1976-77లో, అమెరికాలో తొందరగా సన్నబడాలని లక్షలమంది ద్రవ ప్రొటీన్ డైట్ మీద పడ్డారు. జంతువుల తోళ్లనుంచి, ఎముకల సందునుంచి తీసిన కొల్లాజెన్ నీళ్లు అవి. దాదాపు 60 మంది చనిపోయారు, చాలామంది గుండె లయ తప్పి. కార్నిష్ పప్పు కోసం ఎందుకు పట్టుబట్టాడో ఇక్కడ తెలుస్తుంది. కేలరీలతో పాటు సరైన ప్రొటీన్ కూడా లెక్కే.

అలాగని వేగం దానంతటది పాపం కాదు. 2014లో ఆస్ట్రేలియాలో 204 మంది మీద చేసిన అధ్యయనంలో 12 వారాల్లో త్వరగా తగ్గినవాళ్లూ, 36 వారాల్లో నెమ్మదిగా తగ్గినవాళ్లూ తర్వాత మూడేళ్లలో ఒకేలా, పోయిన బరువులో దాదాపు 71 శాతం మళ్లీ తెచ్చుకున్నారు. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అధ్యయనంలో (2017) షుగర్ ఉన్నవాళ్లకి మూడు నుంచి ఐదు నెలలు రోజుకి దాదాపు 850 కేలరీలే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. ఇక్కడొక సంగతి గమనించాలి. వాళ్ల షుగరు, బీపీ మాత్రలని డైట్ మొదలైన రోజే డాక్టర్లు ఆపించారు. తర్వాత కనిపెట్టుకుని ఉన్నారు. తిండి సగానికి సగం తగ్గించి పాత మోతాదులోనే మాత్రలు మింగితే, కొన్ని మాత్రలతో షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది.

2017-18లో కొబ్బరినూనె, నిమ్మకాయల వీరమాచినేని రామకృష్ణ డైట్ ఊరూరా మారుమోగినప్పుడు మా ఇళ్లల్లోనూ ఇదే చర్చ. యురేనియం గని వచ్చాక పేపర్లకెక్కిన తుమ్మలపల్లెలో ఇవాళ ఆకలి కంటే షుగరు మాటే ఎక్కువ వినబడుతుంది. పెద్దమ్మకీ షుగరుంది. ఎన్నాళ్లలో ఎన్ని కిలోలు అని ఆమెని నేను అడగను. రోజూ పప్పో గుడ్డో తింటోందా, మాత్రల మోతాదు డాక్టరు మార్చాడా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా అని అడుగుతాను.

కార్నిష్ గురించి ఇంకొక్క మాట. మద్రాసు రాజధాని 1871 జనాభా లెక్కల నివేదిక రాసింది ఆయనే. అందులో కర్నూలు జిల్లా జనం 9 లక్షల 14 వేలు. 1881 లెక్కల్లో 6 లక్షల 78 వేలు. చచ్చిపోయినవాళ్లూ వలసపోయినవాళ్లూ పుట్టకుండా పోయినవాళ్లూ అందరూ కలిసి జిల్లాలో నాలుగో వంతు. మిన్నెసోటా కుర్రాళ్లు పోగొట్టుకున్నదీ నాలుగో వంతే, బరువులో. ప్రయోగం అయిపోయాక వాళ్లకి మళ్లీ అన్నం పెట్టారు.