సర్కారు సాయంతో పెరిగే పిల్లలు: ఖమ్మం–భద్రాచలం ఏజెన్సీ

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవి అంచు గూడేల్లో కోయ, కొండరెడ్డి కుటుంబాలు చాలావరకు పోడు సేద్యం, అటవీ ఫలసాయం, ప్రభుత్వ సాయం మీద బతుకుతున్నాయి. ఆ సాయంతో పెరిగిన పిల్లలే ఇప్పుడు తల్లిదండ్రులై తమ పిల్లలను అంగన్‌వాడీకి పంపుతున్నారు.

ఇలా సాయం మీద బతకడాన్ని సోమరితనమనడం అన్యాయం. రిజర్వు అడవి నిబంధనలతో పోడు కుదించుకుపోయింది. తునికాకు పని వేసవిలో కొన్ని వారాలే. వానలు పడ్డాక గింజలకు కటకట. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోలు, 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆ లోటును కొంత పూడ్చాయి. ఆకలి తగ్గింది కానీ జొన్న, సామ, కొర్ర తినే ఇళ్లలో అన్నమే ముఖ్యమైంది. పిల్లల పోషణకు అది చాలదు. ఇక్రిశాట్ తోడ్పాటుతో భద్రాచలంతో సహా గిరిజన ప్రాంతాల్లో చేపట్టిన గిరి పోషణ పథకంలో జొన్నలు, చిరుధాన్యాలు, పప్పులతో చేసిన ఆహారం పిల్లలకు పెట్టడం సరైన దిద్దుబాటు.

తెలంగాణలో బిడ్డకు సాయం తల్లి కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. 2015లో మొదలైన ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణికి అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం అనే పోషకాహార పొడి, 16 గుడ్లు. ఆ తర్వాత అంగన్‌వాడీ భోజనం, ఆపైన ఆశ్రమ పాఠశాల. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల బడిలో తెలుగు పాఠం వింటుంది. తొలి ఏళ్లలో వెనకబడటానికి ఇదొక పెద్ద కారణం. వేసవి సెలవులకు ఇల్లు చేరేసరికి తునికాకు కోతలు. యాభై ఆకులకో కట్ట చొప్పున కట్టడంలో చిన్న చేతులూ పడతాయి.

సాయం తెగేది కాగితం దగ్గరే. కంట్రోలు బియ్యం మనిషికి ఆరు కిలోలు. రేషన్ కార్డులో పేరెక్కని బిడ్డకు ఆ వాటా రాదు. 2025లో కొత్త కార్డులు, పేర్ల చేర్పు ఊపందుకునేదాకా ఎందరో పిల్లలు ఏళ్ల తరబడి ఆ వాటా లేకుండానే పెరిగారు. సాయమందించే పాలన సరిహద్దులూ మారుతూ వచ్చాయి. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. వాటిలోని చింతూరు, కూనవరం పిల్లల బాగోగులు భద్రాచలం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) చేతి నుంచి దాటిపోయాయి.

అందరికన్నా వెనకబడ్డవారు గుత్తికోయల పిల్లలు. 2005 తర్వాత మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం హింసకు ఛత్తీస్‌గఢ్ విడిచి, ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్న కుటుంబాలవి. అక్కడ షెడ్యూల్డు తెగవారైనా ఇక్కడ ఆ గుర్తింపు లేదు. పోడు పట్టా రాదు, కుల ధ్రువపత్రం దొరకదు. బడికి మాత్రం ఆ పత్రం అడ్డు కాకూడదు: 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది.